చల్లగా ఉన్న ముగ్గురు

ఫ్రిజ్ మెకానిక్ భార్యనైన నేను, ఒంట్లో ఓపిక తగ్గినా బుద్ధి నిలకడగా ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా, అల్లాహ్ పేరున నా చేత్తో రాసుకున్న వీలునామా ఏమనగా:

1. షరియత్ ప్రకారం నా ఆస్తిలో మూడో వంతుకు మించి నా ఇష్టానికి రాయలేను. మిగతాది ఏకైక వారసుడైన మా తమ్ముడికి చెందును. ఈ వీలునామా అమలు జరపాల్సిందీ వాడే. వాయిదాలు వేయడం వాడికి వెన్నతో పెట్టిన విద్య. ఈ ఒక్కసారి వద్దు.

2. మా ఆయన పనిముట్ల పెట్టె షాపు పార్ట్‌నర్‌కి చెందును. అడిగి తీసుకెళ్ళిన డ్రిల్లు ఎలాగూ ఆయన దగ్గరే ఉంది.

3. సంతాన సాఫల్య కేంద్రం ట్యాంకులో మావి మూడు పిండాలు గడ్డకట్టించి ఉంచారు. అవి ఆస్తి కావు, ఏ వంతులోకీ రావు. వైద్యానికి ముందే మౌల్వీ సాబుని అడిగాం. భార్యాభర్తలవే అయి, మధ్యలో మూడో మనిషి లేకుండా, నిఖా నిలిచి ఉన్నంతవరకు తప్పులేదన్నారు. ఎవరైనా చల్లగా ఉండమని దీవిస్తే, మా పిల్లలు ఇప్పటికే చల్లగా ఉన్నారని మా ఆయన నవ్వేవారు. నా కడుపులో పెట్టడానికి తారీఖు కూడా ఇచ్చారు. ఆ వారమే ఏసీ బిగిస్తూ మేడ మీంచి పడి ఆయన చనిపోయారు. భర్తతో పాటే నిఖా ముగిసింది, ఇక వద్దమ్మా అన్నారు మౌల్వీ సాబు, తలెత్తకుండా. డాక్టరమ్మ నా ఇష్టమంది. వద్దనే అనుకున్నాను, ఏడ్చుకుంటూ. పారేయమని మాత్రం చెప్పలేక ఏటేటా ఆస్పత్రి కాగితం మీద సంతకం పెడుతూ వచ్చాను. ఖాళీ ఇంటి తాళం తీసినప్పుడల్లా, మావాళ్ళు ఎక్కడో ఒకచోట ఉన్నారులే అనుకునేదాన్ని.

4. కుట్టుమిషను మా మరిది భార్యకి, అంటే నా తోటికోడలికి చెందును. పిల్లలు లేని ఆవిడ ఆ ముగ్గురినీ తనకిమ్మంది. "నా కడుపున పుట్టినా నీ పిల్లలేగా అక్కా" అంది. ఇంకొకరి గర్భంలో పెట్టకూడదని మౌల్వీ సాబు చెప్పిందే చెప్పాను. అప్పట్నుంచి మాకు మాటల్లేవు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే గోడవైపు చూస్తుంది. నా కోపమూ పూర్తిగా పోలేదు.

5. నా తర్వాత ఆ మూడింటినీ ఎవరికీ ఇవ్వరాదు, పరీక్షలకు వాడరాదు. బయటికి తీసి కరిగిపోనివ్వాలి. ఆ రోజు అక్కడికి తోటికోడలిని పంపాలి. మా ఆయన పోయాక వాళ్ళని కావాలనుకున్నది మేమిద్దరమే, అందులో నేను ఉండను. ఆవిడ దగ్గరుండి ఒక దువా చదివితే చాలు. వస్తుందో రాదో తెలీదు. అక్కే రమ్మందని చెప్పండి.

తేదీ: జూన్ పదకొండు, శుక్రవారం.

సంతకం: ఫ్రిజ్ మెకానిక్ భార్య. మా ఆయన ముందు 'దివంగత' అని చేర్చమన్నారు సాక్షులు, చోటు చాల్లేదు.

సాక్షులు: పక్కింటి టైలరు, మందుల షాపాయన.