లంకలో వెలగని ఇల్లు

నౌపడ

చిరంజీవి ఝాన్సీకి, మేనమామ నరసింగరావు తలమీద చెయ్యి పెట్టి దీవించి రాస్తున్నది.

మేమిక్కడ క్షేమం. నా సెల్‌ఫోను మాత్రం క్షేమం కాదు. ఉప్పుమడి గట్టు మీద నడుస్తూ గజేంద్రుణ్ణి మొసలి పట్టుకున్న ఘట్టం వల్లె వేసుకుంటుంటే, చెయ్యి విసురుకి జారి కాలవలో పడింది. ప్రహ్లాదుణ్ణి సముద్రంలో పడేస్తే తేలాడు. ఇది తేలలేదు. భక్తి లేని వస్తువు. అంచేత కవర్లు కొనుక్కున్నాను. ఇకమీద ఉత్తరాలే.

అసలు సంగతికి వస్తాను. విజయనగరం గంటస్తంభాన్ని నువ్వు ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలతో కట్టి, లోపల ఎల్‌ఈడీ దీపాలు పెట్టావట. మొన్న ఇక్కడికి వచ్చినప్పుడు మీ అమ్మ దాలమ్మ ఫొటో చూపించింది. వెలుగు కనపడుతోంది, వెలిగించేది కనపడడం లేదు. అలాగే నిలబడిపోయాను. ఇన్నేళ్లుగా నేను మైకు పట్టుకుని దేవుడి గురించి అరుస్తున్నది ఇదే కదా.

శ్రీరామనవమికి మా రామమందిరం దగ్గర ఈసారి లంకాదహనం చెప్తున్నాను. నాకొక లంక కావాలి. కొండ మీద పట్నం, నడుమ రావణుడి మేడ, చుట్టూ మంత్రుల మేడలు, వెనకాల చెట్లు. మీట నొక్కగానే లోపల్నుంచి ఎర్రగా అంటుకోవాలి. ఒక్క ఇల్లు కూడా మిగలకూడదు. స్తంభంలో నరసింహస్వామి దాగినట్టు బల్బు దాగాలి. వైరు బయటికి కనపడిందంటే హిరణ్యకశిపుడు కూడా నవ్వుతాడు.

ఇది సరదాకి కాదమ్మా. కిందటేడు నా ఎదుట ముసలమ్మలు తప్ప ఎవరూ కూర్చోలేదు. కమిటీ పెద్ద జగన్నాధం మొహం మీదే చెప్పేశాడు. "జనం కూకుంటే ఆ మైకు నీది నరసింగరావూ. నెగిసి ఎల్లిపోతే వచ్చే ఏడు నుంచి ధనరాజుకిచ్చెస్తాం." ధనరాజంటే తెలుసుగా, డీజే పెట్టెలు అద్దెకిచ్చేవాడు. ఆ మైకు పోతే నేను ఊళ్లో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఇట్లు,
నీ మేలు కోరే, లంక కోరే మావయ్య

తా.క. ధనరాజు చెవిన పడనివ్వకు. మొన్న సంతలో కనపడి, "మావా, ఈపాలి నీ కతకి కుర్సీలెయ్యమంటావా, మంచాలెయ్యమంటావా" అన్నాడు.

*

విజయనగరం

పూజ్యులైన మావయ్యకి, ఝాన్సీ దణ్ణం పెట్టి, ఆవలింత ఆపుకుని రాస్తున్నది.

ఆవలింతకి కారణం నీ లంకే. పగలంతా ఆఫీసులో జనం ఇళ్లకి ప్లాన్లు గీసి, వచ్చాక నీ రాక్షసులకి ఇళ్లు కట్టాను. ఇంత తొందర రావణుడికి కూడా ఉండి ఉండదు. చిన్నప్పుడు నీ కథలో హనుమంతుడు సముద్రం దాటేవరకే నేను మెలకువగా ఉండేదాన్ని. ఆ తర్వాత అమ్మ ఒడి, నిద్ర. అంచేత సొంత తెలివి వాడకుండా నువ్వు రాసింది రాసినట్టు కట్టాను.

తమ్ముడు నాగబాబు రైల్లో ఒళ్లో పెట్టుకుని తెస్తాడు. కొన్ని జాగ్రత్తలు చెప్తాను, ఉపన్యాసం అనుకుని నిద్రపోకు. తీగ తలవెంట్రుకంత సన్నం. ఇటుక మీద బొడిపెలుంటాయి చూడు, వాటి మధ్య సందులోంచి పోనిచ్చి పైన ఇంకో ఇటుక నొక్కితే తీగ మాయమైపోతుంది. అదే బొడిపె మీదుగా పోనిచ్చి నొక్కితే పుటుక్కున తెగుతుంది. బల్బు బియ్యపు నూకంత ఉంటుంది. ఎర్రటి గాజులాంటి ఇటుకల వెనక కూర్చుని తన మొహం చూపించదు. బ్యాటరీ పెట్టె కొండ కడుపులో ఉంది, మీట కొండ వీపున ఉంది. ఏ ఇంటి కప్పూ ఊడదియ్యొద్దు.

ఇట్లు,
నీ ఆస్థాన మేస్త్రి ఝాన్సీ

తా.క. వెనక వరసలో, చెట్ల పక్కన ఒక చిన్న ఇల్లుంటుంది. దాని జోలికి వెళ్లకు. అదంతే.

*

నౌపడ

చిరంజీవి ఝాన్సీకి, మావయ్య రెండు చేతులా దీవించి, ఒక చెయ్యి వెనక్కి తీసుకుని రాస్తున్నది.

లంక చేరింది. తలుపులన్నీ మూసి మీట నొక్కాను. ఏం చెప్పను. కిటికీకిటికీలోంచి నిప్పు తొంగి చూసింది. రావణుడి మేడ కడుపులో కుంపటి పెట్టుకున్నట్టు ఎర్రబడింది. ఎక్కడా వైరు లేదు, ఎక్కడా బల్బు లేదు. నా కళ్లు తడిశాయి. ఇంతలో మీ అత్త ఈశ్వరి తలుపు సందులోంచి చూసి, ఇల్లంటుకుందని బిందెడు నీళ్లతో పరిగెత్తుకొచ్చింది.

కానీ ఆ చెట్ల పక్క ఇల్లు వెలగలేదు. ఊరంతా కాలిపోతుంటే అదొక్కటే చీకట్లో చల్లగా కూర్చుంది. నేను చెప్పేటప్పుడు జనం నా మొహం చూస్తారా, ఆ ఇల్లు చూస్తారా? ధనరాజు అయితే ఆ ఇల్లే చూస్తాడు. పెళ్లిళ్లకి లైట్లు కట్టే గంగుల్ని పిలిచాను. లంక చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "లైను కట్టయిపోనాది పంతులూ. ఇప్పితే గాని తెల్దు" అన్నాడు.

సత్యం చెప్పు. హరిశ్చంద్రుడు శ్మశానంలో నిలబడి కూడా సత్యమే చెప్పాడు. నువ్వు విజయనగరంలో ఫ్యాను కింద ఉన్నావు.

ఇట్లు,
ఒక ఇల్లు తక్కువ లంకాధిపతి

తా.క. బిందెడు నీళ్లూ నా మీదే పడ్డాయి. లంక తడవలేదు.

*

విజయనగరం

పూజ్యులైన, తడిసి ఆరిన మావయ్యకి ఝాన్సీ నమస్కారాలు.

ఆ ఇల్లు అలా ఉండడానికి ఒక కారణం ఉంది. నీలాంటివాడికి నేను విప్పి చెప్పడమేమిటి? పెరట్లో ఆనపపాదు కాయకపోతే కూడా పురాణంలోంచి కారణం లాగావు. ఒక్క చీకటింటికి లాగలేవా? నెమ్మదిగా కూర్చుని ఆలోచించు. గంగుల్ని మాత్రం స్క్రూడ్రైవరుతో లంక దరిదాపులకి రానివ్వకు. హనుమంతుడు ఉత్త తోకతోనే అంత పని చేశాడు.

ఇట్లు,
ఝాన్సీ

తా.క. కారణం తోచగానే నాకూ రాయి. సరిపోయిందో లేదో చూస్తాను.

*

నౌపడ

ఝాన్సీకి, నరసింగరావు రాస్తున్నది. దీవెనలు ఈసారికి నిలిపి ఉంచడమైనది.

ఆలోచించాను. తోచింది. వెనక వరస, పక్కన చెట్లు, చిన్న ఇల్లు. మా ఇల్లు ఊరికి వెనక వరసలోనే ఉంది. పక్కన సరుగుడు తోట. ఇల్లు చిన్నదే. అంటే లోకమంతా వెలిగిపోతుంటే మావయ్య కొంపలో మాత్రం వెలుగు లేదనేగా నీ భావం? రాక్షసుల ఊళ్లో నాకు స్థలం ఇచ్చావు, దీపం కూడా ఇవ్వలేదు. శిశుపాలుడు కృష్ణుణ్ణి ఎదురుగా నిలబడి తిట్టాడు. ఇటుకలతో కట్టి, పెట్టెలో పెట్టి, రైల్లో పంపి తిట్టలేదు.

నువ్వు వద్దన్నావని గంగుల్ని పిలవడం మానలేదు. కప్పు విప్పాడు. లోపల తీగ తెగడం కాదు, తీగే లేదు. "ఏటి పంతులూ, నీ కోడలు ఈ ఇంటికి కరెంటే ఇవ్వనేదు" అన్నాడు. అక్కడికక్కడే ఒక బల్బు బిగించాడు. ఇప్పుడు నా ఇల్లూ వెలుగుతోంది.

ఇట్లు,
చీకటింటి యజమాని

తా.క. గంగులు దగ్గర పచ్చ బల్బే మిగిలింది. పెళ్లి సెట్టులోది. వెలిగి ఆరుతూ ఉంటుంది. అది ఆపడం తన చేతిలో లేదన్నాడు.

*

విజయనగరం

పూజ్యులైన మావయ్యకి, ఝాన్సీ నెత్తి కొట్టుకుని, అదే చేత్తో నమస్కరించి రాస్తున్నది.

అది నీ ఇల్లు కాదు. అమ్మ మీద ఒట్టు. మరెవరిదని మాత్రం అడక్కు. నిన్ను తిట్టాలంటే అంత దూరం ఇటుకలు పంపక్కర్లేదు, అమ్మ ఇక్కడ రోజూ ఆ పని చూసుకుంటోంది. ముందు ఆ పచ్చ బల్బు తీయించు. కాలిపోతున్న పట్నంలో అది మందుల షాపులా ఉంటుంది. నిప్పులో దూకి చెప్పమన్నా ఇదే చెప్తాను. దూకమని మాత్రం అనకు.

ఇట్లు,
ఝాన్సీ

తా.క. అది నీ ఇల్లే అయితే గుమ్మంలో ఈశ్వరత్తని బిందెతో నిలబెట్టి ఉండేదాన్ని. చూసుకో, అత్త లేదు.

*

నౌపడ

చిరంజీవి, జ్ఞాని, మా ఇంటి దీపం అయిన ఝాన్సీకి, మావయ్య లేచి నిలబడి దీవించి రాస్తున్నది.

నీ ఉత్తరం నవమి వెళ్లిన మర్నాడు అందింది. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

కాలే లంక వచ్చిందని గంగులు ఊరంతా చెప్పుకు తిరిగాడు కాబట్టి పందిరి నిండిపోయింది. ధనరాజు ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. లైట్లార్పించి మీట నొక్కాను. లంక భగ్గుమంది. వెనకాల పచ్చ ఇల్లు కన్ను కొడుతోంది. నేను గొంతెత్తాను. "ఈ మేడ మీంచి ఆ మేడ మీదికి దూకాడు హనుమ. ఇల్లిల్లూ అంటించాడు. ఒక్క విభీషణుడి ఇల్లు తప్ప."

మాట నోట్లోంచి వచ్చేసింది. దాన్ని చెవి విన్నాక బుర్రకి తెలిసింది.

ఇన్నేళ్లుగా చెప్తున్న మాట కదా ఝాన్సీ. రామనామం పలికిన ఇల్లని హనుమ దాన్ని ముట్టుకోలేదు. నువ్వూ ముట్టుకోలేదు. నేను గంగుల్ని పెట్టి అంటించాను.

ధనరాజు కాలు దించి ముందుకు వంగాడు. "మావా, మరా పచ్చిల్లెవలిది?"

నేనేం చేసేది. అరచెయ్యి తీసి ఆ ఇంటి మీద కప్పేశాను. చెయ్యి తీస్తే వెలుగుతుంది, అంచేత తీయలేదు. రెండో చేతిలో మైకు. ఇక పుస్తకం తిప్పడానికి చెయ్యేది? జన్మలో మొదటిసారి పుస్తకం లేకుండా చెప్పాను. ఊరు ఊరంతా తగలబడుతున్నప్పుడు ఒక్క ఇంటికి చెయ్యి అడ్డం పెట్టడం ఎలాంటిదో, నడుం వంచి నిలబడి అదే చెప్పాను. వేళ్ల సందుల్లోంచి పచ్చటి వెలుగు వస్తూ పోతూ ఉంది, లోపల ఎవరో ఊపిరి తీస్తున్నట్టు. ఒక్కరు లేవలేదు.

అయ్యాక, ఏటా ముందు వరసలో కూర్చునే ముసలమ్మ గున్నమ్మ వచ్చి, "ఇన్నాళ్లూ సదివినావు బావూ. ఈ పొద్దు సెప్పినావు" అంది. జగన్నాధం మైకు తీసుకోవడానికి వచ్చి, తీసుకోకుండా వెళ్లిపోయాడు. "నీ కాడే ఉండనీ" అన్నాడు. ధనరాజైతే, "మావా, ఆ సెయ్యి పెట్టడం ఎక్కడ నేర్సినావు? వచ్చే ఏడు నీ లైట్లు నాను సూసుకుంతాను" అన్నాడు. ఎక్కడ నేర్చానో చెప్పలేదు.

కానీ అదే మైకులో ఊరందరికీ చెప్పాను. విభీషణుడి ఇంటిని చీకట్లో ఉంచిన జ్ఞానం నా మేనకోడలిది, దాన్ని పోల్చుకోలేని మొద్దుతనం నాది అని.

ఇట్లు,
నీ శిష్యుడు నరసింగరావు

తా.క. నడుం పట్టేసింది. ఈశ్వరి వేడినీళ్ల కాపడం పెడతానంటోంది. బిందె కనపడకుండా దాచాను.

*

విజయనగరం

పూజ్యులైన మావయ్యకి, జ్ఞాని ఝాన్సీ నేల చూపులు చూస్తూ రాస్తున్నది.

మైకు నీకే మిగిలిందని అమ్మ పాయసం చేసింది. నా గిన్నె నాగబాబు వైపు తోసేశాను. హరిశ్చంద్రుణ్ణి గుర్తుచేశావు కాబట్టి ఫ్యాను ఆపుకుని మరీ రాస్తున్నాను.

ఆ ఇల్లు ఆఖర్న కట్టాను. నిద్రమత్తులో తీగని బొడిపె మీదుగా పోనిచ్చి ఇటుక నొక్కాను. పుటుక్కుమంది. ఇంకో తీగ లేదు, నాగబాబు రైలుకి బయల్దేరిపోతున్నాడు. తెగినదాన్ని లాగి పారేసి కప్పు మూసేశాను. నిజం చెప్తే ఏ రాక్షసుడితో పోలుస్తావో అని "అదంతే" అన్నాను. ప్రతిదానికీ అర్థం చెప్పేవాడివి, దీనికీ చెప్పేస్తే నేను గట్టెక్కుతాననుకున్నాను. చెప్పావు, కానీ తీసుకెళ్లి నీ ఇంటికే అంటగట్టుకున్నావు.

విభీషణుడి ఇల్లు కాలలేదన్న సంగతి నీ ఉత్తరంలోనే మొదటిసారి చదివాను. అక్కడికొచ్చేసరికి నేను నిద్రలో ఉండేదాన్ని కదా. నువ్వు ఒక్క ఇల్లూ మిగలకూడదన్నావు, నేను సరేనన్నాను. మనిద్దరినీ నమ్ముకుంటే పాపం ఆయనకి కొంప ఉండేది కాదు.

ఇట్లు,
నీ గురువు కాని ఝాన్సీ

తా.క. నువ్వు మైకులో నన్ను పొగిడింది, నవమికి అక్కడికొచ్చిన నాగబాబు వీడియో తీసి మా వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మా కాలనీ గుడివాళ్లు వచ్చి, శనివారం విభీషణుడి మీద నన్ను మాట్లాడమన్నారు. అమ్మ ఒప్పేసుకుంది. వెంటనే రాయి, ఆయన రావణుడికి తమ్ముడా, బావమరిదా? పచ్చ బల్బుతో గంగుల్ని కూడా పంపు. మాట తడబడితే చెయ్యి పెట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి.