మెచ్చుకోలు పత్రం వాపసు చేయలేకపోవుట గురించి

భద్రతా విభాగం ఉన్నతాధికారి గారి సముఖమునకు,
కోర్టు వెనక సందులో ఫొటోలకు ఫ్రేములు కట్టుకొని బతికే ఒక పౌరుడు వ్రాసుకొన్న అర్జీ.

విషయం: తమ కార్యాలయం నాకు దయచేసిన ‘అప్రమత్త పౌరుడు’ మెచ్చుకోలు పత్రాన్ని ఏడు రోజులలోగా వాపసు చేయవలెనన్న నోటీసుకు జవాబు, మరియు మా బావ ఎక్కడున్నదీ తెలుపవలసిందిగా ప్రార్థన.

అయ్యా,

1. నేను ఇరవై రెండేళ్ళుగా పై చిరునామాలో దుకాణం నడుపుకొనుచున్నాను. మా అక్క, ఆమె భర్త (ఇకమీదట ‘బావ’ అని పేర్కొనబడును) మా ఇంటి పై అంతస్తులో కాపురముంటారు. బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. అమ్మానాన్నలు పోయిన తరువాత నన్ను దగ్గర పెట్టుకొని చదివించినదీ, చదువు అబ్బకపోతే తిట్టకుండా ఈ పనిలో పెట్టినదీ ఆయనే. ఈ సంగతి అర్జీకి అనవసరమని తమరు భావించవచ్చును. నాకు అవసరం.

2. కిందటేడు రైల్వే స్టేషనులో జరిగిన పేలుడు తమకు తెలిసినదే. నా పక్క దుకాణంలో చెప్పులు కుట్టే పెద్దాయన ఆ రోజు అక్కడే పోయాడు. ఆయన ఫొటోకు ఫ్రేము నేనే కట్టాను. ఆ వారంలో అలాంటివి పదకొండు కట్టాను. ఆ తరువాత బస్సులో ఎవరైనా సంచి కింద పెడితే చాలు, వచ్చే స్టాపులో దిగిపోయి నడిచి వెళ్ళేవాణ్ణి. కనుక, అనుమానం ఉన్న మనిషిని ఎవరికీ చెప్పకుండా అదుపులో ఉంచుకోవచ్చునని తమరు కొత్త చట్టం తెచ్చినప్పుడు నేను మనస్ఫూర్తిగా సంతోషించాను. తమ తరఫున టీ కొట్టు దగ్గర వకాల్తా కూడా పుచ్చుకున్నాను. “తప్పు చేయనివాడికి భయమెందుకు?” అన్నాను.

బావ గ్లాసు కింద పెట్టి, “తప్పు చేశాడో లేదో తేల్చేదెవర్రా బామ్మర్దీ?” అన్నాడు. “తలుపు తెరుచుకుంది కదా అని లిఫ్టులోకి అడుగేసెయ్యకూడదు. లోపల పెట్టె ఉందో లేదో చూసుకోవాలి.”

నలుగురూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఈయనకెందుకు ఇంత ఉలుకు అనుకున్నాను. అప్పుడు పడింది నా మనసులో పురుగు.

3. తరువాతి వారం బావ నా దుకాణంలో తన నోటుపుస్తకం మరచిపోయాడు. తెరిచి చూశాను. ఆసుపత్రి, బ్యాంకు, నాలుగంతస్తుల బజారు. ఏ వేళకు ఎంతమంది ఎక్కుతారు, ఏ అంతస్తులో ఎంతసేపు ఆగుతుంది, పైన యంత్రం గదికి తాళం ఉందా లేదా, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి ఉన్నాయి. లిఫ్టు మెకానిక్కు పుస్తకంలో ఇవిగాక ఇంకేముంటాయని ఇవాళ నన్ను నేనే తిట్టుకొనుచున్నాను. ఆ రోజు మాత్రం పుస్తకం మూసేసి, తమరు గోడల మీద అంటించిన నెంబరుకు ఫోను చేశాను.

ఫోనెత్తిన తమ ఉద్యోగి అన్న మాటలు ఉన్నవి ఉన్నట్లు వ్రాయుచున్నాను: “మీరేం కంగారు పడకండి. రెండు ప్రశ్నలడిగి పంపించేస్తాం. సాయంత్రం కాఫీ ఇంట్లోనే తాగుతాడు. మీ పేరు బయటికి రాదు.”

నమ్మాను. ఎవరో దారినపోయే మనిషి మాట కాదు, ప్రభుత్వం మాట కదా అని నమ్మాను.

4. మరునాడు ఉదయం ఎనిమిది గంటలకు నలుగురు వచ్చి, పనిముట్ల సంచితో సహా బావను మెట్ల మీదే పట్టుకొని తీసుకుపోయారు. ఎడమ కాలి చెప్పు మెట్టు మీద ఉండిపోయింది. సాయంత్రమైంది. ఏడు నెలలైంది.

5. అక్కా నేనూ తమ కార్యాలయానికి పదకొండుసార్లు వచ్చాము. ఫైలు నేనే మోశాను. మూడో నెలలో తమ సంతకంతో జవాబు వచ్చింది: “మీరు పేర్కొన్న వ్యక్తిని ఈ విభాగము ఏనాడును అదుపులోనికి తీసుకొని యుండలేదు.” కౌంటరులో ఉన్నాయన అదే విషయం నోటితో ఇంకొంచెం విడమరచి చెప్పాడు. “ఎక్కడన్నా వేరే కాపురం పెట్టాడేమో, కనుక్కోమ్మా.” చుట్టూ ఉన్నవాళ్ళు మా అక్క వైపు చూశారు. ఆ మాట అబద్ధమని చెప్పగలవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఫైలు పట్టుకొని నిలబడ్డాను.

6. తరువాత ఒంటరిగా వచ్చి, నేనిచ్చిన సమాచారం వెనక్కి తీసుకుంటానని వేడుకొన్నాను. “సమాచారం ఇవ్వడానికి ఫారం ఉంది. వెనక్కి తీసుకోవడానికి లేదు” అని సెలవిచ్చారు.

7. నాలుగో నెలలో రిజిస్టర్డ్ పోస్టులో మెచ్చుకోలు పత్రం వచ్చింది. మందపాటి కాగితం, చుట్టూ బంగారు అంచు. మా బావ పేరు ఇంటిపేరుతో సహా వేసి, ఫలానా తేదీన ఉదయం ఎనిమిది గంటలకు అతనిని అదుపులోనికి తీసుకొనుటకు తోడ్పడినందులకు నన్ను దేశం అభినందించినది. సన్మాన సభకు సకుటుంబముగా విచ్చేయవలెనని కూడా కోరినారు. నాకున్న కుటుంబం మా అక్క.

ఎందరి సర్టిఫికెట్లకో అద్దాలు బిగించినవాణ్ణి, సంతకాలు చూసి చూసి అలవాటైన కళ్ళు ఇవి. తీసుకోలేదన్న కాగితం మీదా, తీసుకున్నామన్న కాగితం మీదా సంతకం తమదే. పత్రాన్ని మూడు నెలలు దుకాణంలో అద్దాల పెట్టె అడుగున దాచాను. అక్కకు చూపించే ధైర్యం లేదు, చింపే ధైర్యమూ లేదు. బావను తమరు తీసుకుపోయారనడానికి లోకంలో ఉన్న కాగితం అదొక్కటే.

8. గత సోమవారం తమ కానిస్టేబులు వచ్చి పత్రం ఇచ్చెయ్యమన్నాడు. “అచ్చుతప్పు పడిందంట. దిద్ది పంపిస్తారు” అన్నాడు.

“ఎక్కడ పడింది బాబూ?”

అతను తల గోక్కొని, “మొత్తం అంట” అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. మరునాడు నోటీసు వచ్చింది. ఏడు రోజులలోగా వాపసు చేయని యెడల నన్ను కూడా అదే చట్టం కింద విచారించెదరట. నేను టీ కొట్టు దగ్గర పొగిడిన చట్టమే.

9. కావున నేను కోరునది: తమ రెండు కాగితాలలో ఏది నిజమో వ్రాతపూర్వకముగా తెలుపవలెను. మొదటిది నిజమైతే నాకు దేశం కృతజ్ఞతలు ఎందుకు చెప్పినదో వివరించవలెను. రెండవది నిజమైతే మా బావను కోర్టులో నిలబెట్టి, ఆయన చేసిన నేరమేదో అందరి ఎదుట చెప్పవలెను. నేను భయపడ్డాను, ఒప్పుకొనుచున్నాను. భయపడినవాడు తప్పుగా చూడవచ్చును. ఆ తప్పును సరిచూచుటకే కదా తమరు ఉన్నది! నా భయాన్ని తీసుకొని తమరు ఏం చేశారో నాకు లెక్క చెప్పవలెను.

10. పత్రమును వాపసు చేయజాలను. అది ప్రస్తుతం నా వద్ద లేదు.

ఇందుతో జతపరచిన రెండు కాగితాల నకళ్ళను పక్కపక్కన పెట్టుకొని, ఒక్కసారి మనసు పెట్టి చిత్తగించవలెనని ప్రార్థన.

ఇట్లు,
మొన్నటి వరకు తమ విధేయుడు,
ఫ్రేముల దుకాణం యజమాని

తా.క.: పత్రం ఎక్కడుందని ఎలాగూ అడుగుతారు గనుక చెబుతున్నాను. ఇవాళ పొద్దున్న పైకి వెళ్ళి అక్క చేతిలో పెట్టాను. అది చేతిలో లేకపోతే ఆమె ఏ కోర్టుకు వెళ్ళడానికీ వీలుండదు.

“ఏంట్రా ఇది?” అంది.

“చదువక్కా.”

నిలబడే చదివింది. ఇన్నాళ్ళూ బావ మీద తమకు ఫోను చేసింది కింది వాటాలోని నర్సు అని నమ్మి, పాపం, ఆమెతో మాటలు మానేసింది. చదివి నా మొహంలోకి చూసింది.

“నువ్వా?”

“నేనే.”

ఎందుకని అడగలేదు. అడిగితే చెప్పడానికి నేను ఏడు నెలలుగా మాటలు కూర్చుకున్నాను సార్. కుర్చీలో కూర్చుని, “ఆయనకి తెలుసా?” అంది.

“తెలీదు. పేరు బయటికి రాదన్నారు.”

“అయితే ఆయనొచ్చాక నువ్వే చెప్పు. నా నోటితో నేను చెప్పలేను. అప్పటిదాకా పైకి రాకు.”

సార్, నన్ను ఏ చట్టం కింద తీసుకెళ్ళినా వస్తాను. ముందు మా బావను ఇంటికి పంపించండి. పంపకపోతే ఎక్కడున్నాడో చెప్పండి, నేనే వచ్చి ఆయన ఎదుట నిలబడతాను. కొడితే కొట్టనివ్వండి. ఆయనతో ఆ ఒక్క మాట చెప్పుకోవాలి.

ఆయన బతికే ఉన్నాడు కదా సార్?