వార్ధా ఒడ్డు ఎక్కని ఇంజన్

రాజురా, శనివారం రాత్రి

మా హమాలీ మల్లయ్య పాదం నుజ్జునుజ్జయింది. పొద్దున వార్ధా నది ఒడ్డు ఎక్కుతుంటె మా లారీ నడి ఎత్తుల ఆగింది. ఎనుక కట్టిన పత్తి ట్రాలీ దాన్ని కిందికి గుంజింది. గసొంటప్పుడు చక్రం ఎనుక రాయి పెట్టుడు మల్లయ్య పని. రాయైతే పెట్టిండు, కాలు తీసుకోలేకపోయిండు.

ఈ చిన్న పెట్రోలు ఇంజన్ ట్రాలీని గుంజదని కొన్ననాడే అన్నకు చెప్పిన. "ఆదిలాబాద్ సడక్ మీద గుంజుతలేదా? పెద్దదైతే పెట్రోలు తాగుతది" అన్నడు. ఆ సడక్ ఎత్తులు లేకుండ సాఫుగ ఉంది గనక గుంజింది. మా రాజురాను ఆదిలాబాద్ జిల్లా నుంచి తీసి చాందా జిల్లాల కలిపినంక మాల్ అంత నది దాటి బల్లార్‌పూర్‌కే పోవట్టె. ఆ ఒడ్డు ఎక్కే సత్తువ దీనికేడిది?

మల్లయ్యకు కట్టు కట్టించి ఇంటికాడ పండవెట్టి వచ్చిన. అన్న తొంగి గూడ సూడలే. దుకాణంల గిరాకుల ముందట, "ఇంజన్ మంచిగనే ఉంది, వాడే ఆలస్యం జేసిండు" అన్నడు. నాకు ఒళ్లు మండింది.

"ఇప్పుడన్న పెద్ద ఇంజన్ లారీ సూద్దామానె?" అని అడిగిన.

"ఎందుకురా? రేపటి సంది రాయి పెట్టేటోళ్లను ఇద్దర్ని తోల్కపో. మల్లయ్య తమ్ముడు ఖాళీగనే ఉన్నడు గదా."

నేను సరేనని తలకాయ ఊపిన.

తెల్లారితే ఆ ఇంటికి పోవాలె. మల్లయ్య మంచం వాకిట్లనే ఉంటది. వాని ముందట్నే వాని తమ్మున్ని పిలవాలె.