మొదటి రౌండు సీటు

మార్చి 3, మంగళవారం

మళ్ళీ అదే ప్రశ్న. టిఫిన్ దగ్గర నాయన — "ఏం ఆలోచన చేసినావు పాపా?" ఏం చేస్తాను... ఇడ్లీ మింగుతున్నాను.

బెంగళూరు కాలేజీ వాళ్ళు మొదటి రౌండులోనే బయోటెక్నాలజీ సీటు ఇచ్చారు. ఇరవయ్యో తేదీ లోపల మార్క్స్ కార్డులు, టీసీ — అన్నీ ఒరిజినల్స్ వాళ్ళ చేతికి ఇవ్వాలి. ఇచ్చేస్తే మే నెలలో నీట్ మళ్ళీ రాసి ఏం లాభం? ఎన్ని మార్కులొచ్చినా మెడికల్ కౌన్సెలింగ్‌లో చూపించడానికి చేతిలో కాగితం ఉండదు. ఇవ్వకపోతే ఈ సీటు పోతుంది, నీట్ రిజల్టు వచ్చాక ఇదే కాలేజీలో రెండో రౌండు. అప్పటికి ఏం మిగిలితే అది.

పోయిన ఏడు మెడికల్ సీటు తప్పింది. మళ్ళీ తప్పితే?

మార్చి 5

పెదనాయన కూతురు సింధు ఫోటో పెట్టింది. కాలేజీ క్యాంటీన్, నలుగురు స్నేహితురాళ్ళు, నవ్వులు. పోయినసారి మా ఇద్దరికీ దాదాపు ఒకటే మార్కులు. అది నోరు మూసుకుని దొరికిన సీట్లో చేరింది. నేను డాక్టరమ్మను కదా... కోచింగ్‌లో వెనక బెంచీ. రిపీటర్ల బెంచీ.

లైకు కొట్టాను. ఒళ్ళు మండింది.

మార్చి 8, ఆదివారం

మాక్ టెస్టు. కిందటి వారం కన్నా పన్నెండు తక్కువ. ఇంట్లో చెప్పలేదు.

మార్చి 10

జేజి సామెత విసిరింది. "మబ్బుల్లో నీళ్ళు జూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నట్ల ఉండాది నీ కత." ఎప్పుడూ కొడుకు పక్షమే.

నాయన మాత్రం మెత్తగా — "పాపను బలవంతం చెయ్యొద్దుమా. దాని ఇష్టం." ఎంత పొంగిపోయానో! సండూరు గనుల దగ్గర లారీ డ్రైవర్లను నోరెత్తనివ్వని మనిషి, నా ఇష్టం అడుగుతున్నాడు.

మార్చి 12

చెప్పేశాను. నీట్ రాస్తాను. రెండో రౌండుకే ఆగుతాను.

నాయన ఫోన్ చూసుకుంటూ — "సరే... ఇంగా వారం ఉండాదిలే. బాగా ఆలోచన చెయ్."

చెప్పాక ఇంకా ఆలోచనేంటి?

మార్చి 14

థూ.

కోచింగ్ ఆఫీసులో గుమాస్తా నా ఇంటర్ నంబర్ కన్నడంలో అడిగాడు — "పీయూసీ రిజిస్టర్ నంబర్ హేళమ్మా." ఇంటికొచ్చి బీరువాలో ఫైలు తీశాను. మార్క్స్ కార్డు మూలన జేజి కుంకుమ బొట్టు. పాసైన రోజు దేవుడి ముందర పెట్టి పూసింది. ఎప్పుడు తీసినా వేలికి కాస్త అంటేది. ఈరోజు అంటలేదు. గట్టిగా రుద్దాను.

కలర్ జెరాక్స్. ఎస్సెస్సెల్సీదీ అంతే. టీసీ కూడా.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పలేదు. "పోయిన నెల్లోనే ఇచ్చొచ్చినాడు మీ నాయన. నీకు చెప్పొద్దన్నాడు."

పోయిన నెల! మరి రోజూ టిఫిన్ దగ్గర ఆ అడగడం ఏంటి?

మార్చి 15

అరిచాను. వీధంతా వినపడేట్టు. "ఇచ్చేసి నన్నెందుకు అడిగినావు నాయనా?"

"నువ్వే ఒప్పుకుంటావనుకుంటిమ్మా. ఒప్పుకునింటే చెప్పే పనే లేదు గదా."

ఎంత తేలిక! మరి జెరాక్సులు ఎందుకు పెట్టినావంటే చెప్పులేసుకుని బయటికి పోయాడు.

అన్నం తినలేదు. ఎవరూ రెండోసారి పిలవలేదు.

మార్చి 16

ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పలేను. వేలికి కుంకుమ అంటనప్పుడు ముందు కోపం రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఇక నా చేతుల్లో లేదు, డాక్టరు కాకపోతే నా తప్పు కాదు, అని... ఒక్క క్షణమే. ఛీ, సిగ్గులేనిదాన్ని. అది కప్పుకోవడానికే అంత గట్టిగా అరిచానేమో.

మార్చి 17

నాయన గదిలోకి రాలేదు, గడప దగ్గరే నిలబడ్డాడు.

"కాలేజీకి ఫోన్ చేసినా. సీటు వద్దని నువ్వే సంతకం పెట్టి లెటర్ ఇస్తే, ఇరవై లోపల అన్నీ వాపస్ ఇస్తారంట. రేపు పొద్దున బస్సుకు నేనే పోయి తెస్తా. తప్పయింది పాపా."

పుట్టి బుద్ధెరిగి ఆయన నోట ఆ మాట వినలేదు. ఏడుపు రావాలి కదా, రాలేదు. ఇంకాస్త పోట్లాడకూడదా నాయనా...

మార్చి 18

లెటర్ రాశాను. సంతకం తప్ప అన్నీ ఉన్నాయి.

అమ్మ డబ్బాలో చిత్రాన్నం కట్టింది. జేజి నీళ్ళ సీసా నింపింది. నాయన చెప్పులేసుకుని వాకిట్లో — "ఆయెనామ్మా? బస్సు టైమైతాండాది."

వద్దనేవాళ్ళు లేరు. తిట్టుకోవడానికి ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు.

"వస్తాండా నాయనా" అని కేకేశాను. పెన్ను చేతిలోనే ఉంది. లెటర్ మీద పెట్టకుండా ఇది రాస్తున్నాను.