యాప్‌లో కొట్టిన నా వయసు

మంగళవారం, దుమ్ముగూడెం

ఈ రోజు నేను టీచర్‌గా పనిచేసే అంగన్‌వాడీలో పిల్లల బరువులు చూస్తుంటే, బడి నుంచి వచ్చిన నా కూతురు స్నేహ ఎప్పటిలాగే సరదాగా కాటా ఎక్కింది. పోయిన నెలకన్నా రెండు కిలోలు తక్కువ.

"ఏందే, అన్నం తింటలేవా?"

"ఫోన్ల సారు రాత్రి తినొద్దన్నడమ్మా. ఇంకా ఐదు కిలోలు తగ్గాల్నట."

ఆ సారు మనిషి కాదు, వ్యాయామం చేయించే ఏఐ యాప్. ఇంట్లోనే ఆడుకుంటుందని దాన్ని పెట్టిచ్చింది నేనే. వయసు, బరువు అడిగితే, ఫోన్ నాది కదా అని నావే కొట్టాను. తొమ్మిదేళ్ల పిల్లతో నా లావు తగ్గించే కసరత్తు చేయించింది.

"మరి రాత్రి నేను పళ్లెంల పెట్టిన అన్నం?"

"కుక్కకేసిన."

రోజూ రాత్రి ఖాళీ అయిన ఆ పళ్లెం పక్కనే కూర్చుని, ఊళ్లో ఏ పిల్ల బరువు తగ్గిందో రిజిస్టర్‌లో రాసుకుంటున్నాను.