ఉత్త నీళ్ళకు అరటిపండు వాసన

చెల్లాయ్, క్షేమంగా చేరాను, కంగారుపడకు.

ఈ కెమిస్ట్రీ టీచర్ల శిక్షణలో నిన్న తలా ఒక టెస్ట్‌ట్యూబు ఇచ్చి, ఏ పండు వాసనో చెప్పమన్నారు. పక్కావిడ "అరటిపండు" అంది. అందరివీ ఒకటేననుకుని నేనూ "అరటిపండే" అన్నాను.

"మేడమ్, మీకిచ్చినవి ఉత్త నీళ్ళండీ!" అన్నాడు శిక్షణ ఇచ్చే ఆయన. హాలంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేయను? ఆ పాడు జ్వరం పోతూ పోతూ నా ముక్కుకి వాసన తెలీకుండా చేసింది. ఆ శక్తి ఇక తిరిగి రాదని డాక్టరు తేల్చేశాడు.

నాన్నకి చెప్పకు. ఇకనుంచి స్టవ్ సంగతి నువ్వే చూడాలి, మాడినా నాకు తెలీదు. చంటిదానికి ముద్దులు.

అమ్మ పోయాక ఆవిడ శాలువా ఉతక్కుండా అలమరలో దాచాను కదా, ఒక్కసారి తీసి చూడు. అమ్మ వాసన ఇంకా ఉందేమో రాయి. లేకపోయినా ఉందనే రాయి.

అక్క