మీ అక్క వద్దన్న సింకు

చిన్నా,

ఆ రోజు ఉదయం మీ అక్కా నేనూ వంటింటికి సింకు చూడడానికి వెళ్లాం. పొయ్యి పక్కన కూరగాయలు కడుక్కోవడానికి చిన్నదొకటి కావాలని రాగిది చూపించింది. రాగి నల్లబడుతుంది, స్టీలు తీసుకుందామన్నాను. "నల్లబడితే ఏం? మీ జుట్టు తెల్లబడితే నేనేమైనా అన్నానా?" అంది. దుకాణదారు నవ్వాడు. మర్నాడు చెబుతామని వచ్చేశాం. భోంచేసి పడుకుంది. సాయంత్రం టీ పెట్టి లేపితే లేవలేదు.

అదే దుకాణం నుంచి నువ్వు పంపించిన రాగి సింకు నిన్న అందింది. అక్క కోరిక తీరాలని పంపావు, తెలుసు. కానీ ఇది పెద్దది. పైన పూత కూడా ఉంది, రంగు మారదు. ఆ రోజు ఇలాంటిదీ చూపించారు. "ఎన్నాళ్లు వాడినా వాడినట్టే ఉండదు, వద్దు" అని మీ అక్క పక్కన పెట్టించింది.

నువ్వు నొచ్చుకుంటావని ఊరుకుందామనుకున్నాను. కానీ ఇప్పుడు వంట నాదే. రోజూ దాని ముందు నిలబడాల్సింది నేనే. నాకైతే ఇప్పటికీ స్టీలే నయమనిపిస్తుంది. అయినా రేపు పొద్దున్నే దుకాణానికి వెళ్లి, ఇది తిరిగిచ్చేసి, పూత లేని ఆ చిన్నది తెచ్చుకుంటాను.

మీ బావ